విసిరినవి వచ్చే కిటికీ

ఆ ఇంటి వంటింట్లో అందరూ వంగి నడుస్తారు. పొయ్యి దగ్గర్నుంచి సింకు దాకా ఉన్న నాలుగడుగుల దూరాన్ని నడుము వంచి, మెడ దించి, చేతిలో గిన్నె ఉంటే పొట్టకి ఆనించుకుని గబుక్కున దాటేస్తారు. చుట్టాలెవరైనా వస్తే బాత్రూము ఎక్కడుందో చెప్పినట్టే ఇదీ చెప్తారు, "కిటికీ దగ్గర కాస్త వంగండి" అని. వాళ్ళూ వంగుతారు. ఎందుకని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆ కిటికీ ఒకప్పుడు పెరట్లోకి ఉండేది. తర్వాత వెనకాల ఇంకో గది వేసి దాన్ని భోజనాల గది చేసుకున్నారు. మేస్త్రీకి చెప్పడం మరిచిపోయారో, చెప్పినా అతను బద్ధకించాడో, కిటికీ మాత్రం రెండు గదుల మధ్య గోడలో అలాగే ఉండిపోయింది. దానిలోంచి వెలుతురు రాదు, గాలి రాదు. వచ్చేవల్లా ఇంటి పెద్దాయన విసిరిన సామాన్లే.

ఆయన పోయి పదకొండేళ్ళయింది. బతికున్న రోజుల్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందనీ, తక్కువైందనీ, ఉప్పు సరిపోతే పెళ్ళాం మొహం అదోలా ఉందనీ, చేతికి ఏది దొరికితే అది వంటింట్లోకి విసిరేవాడు. కోపంతో విసిరినదాన్ని ఆ కిటికీ వెంటనే ఇవతలికి వదలదు. మింగేస్తుంది. ఎప్పుడు కక్కుతుందో దాని ఇష్టం. కొన్ని ఆ సాయంత్రమే వస్తాయి, కొన్ని ఇరవై ఏళ్ళకి వస్తాయి. వచ్చినప్పుడు విసిరిన ఊపు విసిరినట్టే ఉంటుంది, పొగలు కక్కేది పొగలు కక్కుతూనే వస్తుంది. చేత్తో నెమ్మదిగా అందించిన కంచాలూ, పిల్లలు ఆడుకుంటూ వేసిన బంతులూ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా అటూ ఇటూ పోతాయి. తలుపులు పెట్టి మేకులు కొట్టి కూడా చూశారు. మూడు జతల తలుపులు ముక్కలయ్యాక ఆ ప్రయత్నం మానుకున్నారు.

ఆ రోజు పొద్దున్న ఆరున్నరకి కోడలు పాలు దించుతోంది. తొమ్మిదేళ్ళ కూతురు సింకు దగ్గర బడికి నీళ్ళ సీసా పట్టుకుంటోంది. అత్తగారు ఎప్పటిలాగే కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. రివ్వున ఓ స్టీలు గ్లాసు వచ్చింది. కాఫీతో సహా. అది పాప చెవి పై అంచుని కోసుకుంటూ పోయి, ఎదుటి గోడకి వేలాడదీసిన పరుపుకి తగిలి కింద పడింది. పాప కెవ్వుమంది. మెడ మీద కాఫీ, భుజం మీద రక్తం.

"వంగలేదేమే?" అంది కోడలు, గుడ్డతో చెవిని అదిమి పట్టి.

"నేనెప్పుడు వంగానమ్మా? నాకు తగలదు కదా!" అని ఏడ్చింది పాప.

నిజమే. నిన్నమొన్నటిదాకా తగిలేది కాదు. కోడలు కూతుర్ని కిటికీ పక్కన గోడకి ఆనించి నిలబెట్టి చూసింది. ఈ వేసవిలో పిల్ల ఎప్పుడు సాగిందో సాగింది, తల కిటికీ గట్టు కంటే నాలుగు వేళ్ళు పైకి వచ్చేసింది. ఇవాళ గ్లాసు వచ్చింది. రేపు ఇస్త్రీపెట్టె వస్తే?

"ఈ కిటికీ తీయించేస్తాను. పనిలో పనిగా వంటిల్లంతా మార్పించేస్తాను," అంది.

అత్తగారు చెక్కు తీయడం ఆపలేదు. "తీయించడానికి వీల్లేదు," అంది.

"ఎందుకండీ?"

"వీల్లేదంటే వీల్లేదు." ఆవిడ ఏనాటి నుంచో మాట్లాడే తీరు అదే, రెండో మాట ఉండదు.

కోడలు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజుకి నలభై మందికి "ఊపిరి బిగబట్టండి, కదలొద్దు, వదిలేయండి" అని చెప్తుంది. పధ్నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. మెట్ల మీంచి పడ్డవాళ్ళకి మణికట్టు విరుగుతుంది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళకి ముంజేయి మధ్యలో, చిటికెన వేలు వైపు ఎముక విరుగుతుంది. ఆ రెండో రకం వాళ్ళందరూ కూడా మెట్ల మీంచే పడ్డామంటారు. అత్తగారి ఎడమ ముంజేతి మీద సరిగ్గా అక్కడే ఎముక ఉబ్బెత్తుగా అతుక్కుని ఉంది. దానికి ఎక్స్‌రే అక్కర్లేదు, అంట్లు తోమేటప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. కోడలు ఎన్నడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఖాళీ చేసుకుని, ఎక్స్‌రే కవరు వెనకాల పెన్సిలుతో వంటింటి బొమ్మ గీసింది. కిటికీ ఉన్నచోట గోడ. దానికి ఎదురుగా, ఆ అసహ్యమైన పరుపు తీసేసి, గోడ పొడుగునా నల్ల గ్రానైటు గట్టు. గట్టులోనే సింకు. పొయ్యికి పక్కనే సింకు వస్తుంది కాబట్టి నడక తగ్గుతుంది. గీసుకున్న బొమ్మ చూసుకుంటే ఆమెకి భలే ముచ్చటేసింది. పరుపు విషయంలో మాత్రం ఆమె ఒక పొరపాటు చేసింది. ఆ ఇంట్లో అందరూ చేసిన పొరపాటే అది. గిన్నెలు సొట్టలు పోకుండా అత్తగారు ఆ పరుపు కట్టిందనుకున్నారు. ఏటేటా దాన్ని విప్పి, దూది ఏకించి, మళ్ళీ మెత్తగా కుట్టించి తగిలించేది ఆవిడ. సొట్టగిన్నెల కోసం ఎవరైనా అంత కష్టపడతారా అని ఒక్కరికీ తట్టలేదు.

భర్త బొమ్మ చూసి బావుందన్నాడు. అతను కార్లు నడపడం నేర్పే మాస్టారు. పద్దెనిమిదేళ్ళుగా నేర్పుతున్నాడు. నేర్చుకునేవాళ్ళు కారుని తీసుకెళ్ళి స్తంభానికి గుద్దినా "పర్లేదు, మళ్ళీ చూద్దాం" అంటాడు తప్ప గొంతు పెంచడు. చూడ్డానికి అచ్చు గుద్దినట్టు తండ్రే. అందుకే జుట్టు ఆయనకి వ్యతిరేకంగా కుడి నుంచి ఎడమకి దువ్వుకుంటాడు. తండ్రి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. తను ఆయన కాదు అని రోజూ పొద్దున్నే లేచి రుజువు చేసుకునే మనిషి, పాపం.

"అమ్మ ఒప్పుకోదు కదా," అన్నాడు.

"అత్తయ్య పిన్నిగారింటికి వెళ్తానన్నారుగా, పదిరోజులు. ఆలోపు కానిచ్చేద్దాం. వచ్చి చూశాక ఏమంటారు?"

పెద్దవాళ్ళ వెనకాల ఇల్లు బాగుచేసే ఉబలాటం చాలామందికి ఉంటుంది. అది ఎప్పుడూ తిన్నగా తేలదు.

పరుపుని ఓసారి నొక్కి చూసుకుని అత్తగారు బస్సెక్కిన మర్నాడే దాన్ని పాత సామాన్ల బండివాడు తీసుకుపోయాడు. ముందు గోడ పని, తర్వాత గట్టు పని అనుకున్నారు గానీ, గ్రానైటు వాళ్ళు తమకి వేరే చోట పనుందనీ, ఇప్పుడైతే ఇప్పుడు, లేకపోతే వచ్చే నెలనీ మడతపేచీ పెట్టడంతో ముందు గట్టే పెట్టించారు. నల్లగా, అద్దంలా మెరిసింది. అంచు గుండ్రంగా తీర్చారు. కోడలు దాని మీద అరచెయ్యి ఆనించి చల్లదనాన్ని చూసుకుంది. తొమ్మిదో రోజున మేస్త్రీ వచ్చాడు.

మేస్త్రీ భారీ మనిషి, ఇంత లావు మెడ, నవ్వితే భుజాలు ఊగుతాయి. కిటికీ పైన బరువు ఆపడానికి ఇనప పోటీలు పెట్టి, చట్రం చుట్టూ ఉలితో గిలాబా కొట్టడం మొదలుపెట్టాడు. "చట్రాన్ని పగలగొట్టనమ్మా, సాంతంగా బయటికి తీస్తాను. తర్వాత పాత ఇటుకల్లోకి కొత్త ఇటుకలు పళ్ళలా కూర్చానంటే ఇక్కడ కిటికీ ఉండేదంటే మీరే నమ్మరు," అన్నాడు. అంటూనే చటుక్కున వంగాడు. ఓ పింగాణీ పళ్ళెం అతని తల మీంచి పోయి గ్రానైటు అంచుకి తగిలి భళ్ళున పేలింది. పెంకులు వంటిల్లంతా చిమ్మాయి. ఒక ముక్క వచ్చి కోడలి చీలమండలో గుచ్చుకుంది.

"పరుపుంటే పగిలేది కాదు," అన్నాడు మేస్త్రీ, కొలతలకి వచ్చినప్పుడు చూసింది గుర్తొచ్చి. మళ్ళీ ఉలి ఎత్తాడు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. ఒక రోజు ముందే వచ్చేసిన అత్తగారు చేతిలో సంచీతో, స్టీలు ఫ్లాస్కుతో వంటింటి గుమ్మంలో నిలబడింది. కిటికీ వైపు చూసింది. ఎదుటి గోడ వైపు చూసింది. పరుపు లేదు. నల్లరాయి ఉంది. ఆవిడ సంచీ వదిలేసి రెండంగల్లో వచ్చి ఫ్లాస్కుతో మేస్త్రీ మణికట్టు మీద కొట్టింది. అతను ఉలి వదిలేశాడు. మళ్ళీ కొట్టింది, ఈసారి మోచేతి మీద. అతను "ఓలమ్మో!" అని వెనక్కి తగ్గితే ఛాతీ మీద కొట్టింది. అరవై అయిదేళ్ళ మనిషి, మాటే సరిగ్గా మాట్లాడని మనిషి, పళ్ళు బిగించి పశువుని బాదినట్టు బాదుతోంది. కోడలు వెనకనుంచి నడుం పట్టుకు లాగితే ఆవిడ ఆమె చేతిని కొరికింది.

"అత్తయ్యా! ఏమైందండీ మీకు?"

"మూసేస్తే గోడలోకి వస్తుందే! గోడలోకి వచ్చి ఊపిరాడక చస్తుందే!"

"ఏది?"

"నా కూతురు."

మేస్త్రీ చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు కారిపోతున్నాయి.

భర్తకి ఒక అక్క ఉండేదనీ, అతను కడుపులో ఉండగానే జనంలో తప్పిపోయిందనీ కోడలికి తెలుసు. అంతవరకే తెలుసు. అత్తగారు స్టూలు మీద కూర్చుని మిగతాది చెప్పింది. ముప్ఫై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాటలు, మార్కెట్టుకి పోయి ఏం తెచ్చిందో చెప్తున్నంత మామూలుగా చెప్పింది.

"ఆ రోజు ఆయన షూ లేసు తెగింది. అంతకంటే ఏం లేదు. నేను ఇక్కడ నిలబడ్డాను. ఎప్పుడూ ఈ కిటికీకి ఎదురుగానే నిలబడేదాన్ని, విసిరినవి ఇది మింగుతుందని. పిల్ల బల్ల మీద కూర్చుని పాలు తాగుతోంది. మూడేళ్ళు. ఆయన చేతికి ఏది దొరికితే అది విసురుతాడుగా. ఆ రోజు చేతికి అదే దొరికింది." ఆవిడ రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది. "పట్టుకుందామని ఇలా పెట్టాను. రాలేదు. రెండు రోజులు ఇలాగే నిలబడ్డాను. ఆయన ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. తప్పిపోయిందని అందరికీ చెప్పాడు. వారం తిరక్కుండా మళ్ళీ కంచం విసిరాడు."

కోడలు వెనక్కి తిరిగి గ్రానైటు గట్టు చూసింది. కిటికీలోంచి వచ్చేదేదైనా నేరుగా వెళ్ళి తగిలేది ఆ అంచుకే. పళ్ళెం పెంకులు ఇంకా దాని మీదే ఉన్నాయి. మూడేళ్ళ పిల్లల పుర్రె ఎంత పల్చగా ఉంటుందో ఆమెకి తెలుసు. ఎన్నో చూసింది. తను ముచ్చటపడి గీసిన బొమ్మ మీద తనకే అసహ్యం పుట్టింది. ఇంక ఆలోచించలేదు. మేస్త్రీ సామాన్లలోంచి సమ్మెట తీసుకుని ఎత్తి కొట్టింది.

రాయి చలించలేదు. దెబ్బ భుజాల దాకా జివ్వుమంది. మళ్ళీ కొట్టింది.

"సింకు కోసిన మూల కొట్టండమ్మా," అన్నాడు మేస్త్రీ, వాచిపోతున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని. "అక్కడే రాయి బలహీనం."

సింకు మూల కొట్టింది. మూడో దెబ్బకి పర్రెవిచ్చింది, ఆరో దెబ్బకి అంత రాయీ రెండుగా విరిగి నేల మీద పడి గచ్చు పగలగొట్టింది. కోడలు ఆగలేదు. కింద చెక్క అరల్ని కొట్టింది, కుళాయిని కొట్టింది, నీళ్ళు ఎగజిమ్మాయి. ఆమె ఎవర్ని కొడుతోందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆయన పోయి పదకొండేళ్ళయింది కాబట్టి సరిపోయింది.

భర్త వచ్చింది ఆ గోలలోనే. పెరటి తలుపులోంచి భోజనాల గదిలోకి వచ్చి, కిటికీ అవతల నిలబడి పెళ్ళాన్ని చూశాడు. "ఏంటిది? పిచ్చెక్కిందా నీకు? ఆపు!"

"ఆపను!"

"ఆపమన్నానా!"

"మీ నాన్న మీ అక్కని ఇందులోంచి విసిరేశాడు! తప్పిపోలేదు! విసిరేశాడు!"

"నోర్ముయ్. అబద్ధం."

"మీ అమ్మని అడగండి! ఆయన రక్తమే కదా మీదీ!"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అది ఆమెకి నోట్లోంచి వస్తుండగానే తెలిసింది. అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. అంతే, అతని మొహంలో ఏదో తెగిపోయింది. కిటికీ గట్టు మీద మేస్త్రీ ఉలి ఉంది, జానెడున్నర పొడుగు, మొన తేరింది. అతను దాన్ని తీసుకుని పెళ్ళాం మొహం చూసి బలం కొద్దీ విసిరాడు.

కోడలు అలవాటుకొద్దీ వంగింది. ఏమీ రాలేదు. ఉలి కిటికీలోకి వెళ్ళింది, ఇవతలికి రాలేదు.

కుళాయిలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. అతను తన చెయ్యి చూసుకున్నాడు. అది ఎవరిదో అన్నట్టు పైకెత్తి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. వచ్చి తగిలినా ఇంతకంటే నయమే అనిపించి ఉంటుంది, ఎందుకంటే చేత్తో అందించినవీ, ఆటకి వేసినవీ ఆ కిటికీ మింగదు, కోపంతో విసిరినవే మింగుతుంది. దాన్ని ఏ మాటా చెప్పి ఒప్పించలేం.

మేస్త్రీయే లేచి నీళ్ళు కట్టేశాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు కోడలు మొగుడితో మాట్లాడలేదు. అయిదో రోజు మాట్లాడింది. "నామీద విసిరారు. నేను తట్టుకుంటాను, తట్టుకోను, అది వేరే సంగతి. అది ఎప్పుడొస్తుందో తెలీదు. మీ కూతురు సింకు దగ్గరుండగా వస్తే ఏం చేస్తారు?"

ఆమెకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. వాటన్నిటి వెనకాల అతని మీద జాలి కూడా వచ్చింది గానీ, దాన్ని మొహంలో కనబడనివ్వలేదు.

ఎదుటి గోడకి మూడు పరుపులు ఒకదాని మీద ఒకటి కట్టారు. వంట హాల్లోకి మారింది. కిటికీ ముందు వంతులవారీ కాపలా పెట్టుకున్నారు. అత్తగారు పొద్దంతా, కోడలు డ్యూటీ దిగాక. మొండి గోడలు, పగిలిన గచ్చు, ఆ మధ్యలో చేతులు సిద్ధంగా పెట్టుకుని ఓ ఆడమనిషి. పొడుగు గరిటె వచ్చింది. ఎడమ కాలి బూటు వచ్చింది, లేసు తెగి ఉంది. దాన్ని చూసి అత్తగారు లేచి నిలబడింది, ఇంక కూర్చోలేదు.

అది వచ్చిన మూడో రోజు, గురువారం, సాయంత్రం నాలుగింటికి, మొదట అరుపు వచ్చింది. సగంలో మొదలైన అరుపు. అత్తగారు అప్పుడే మొహం కడుక్కోవడానికి వెళ్ళింది, అలా వెళ్ళడం ఆ రోజుకి అదొక్కసారే. కోడలు చేతులు చాపింది. తెల్ల గౌను, రెండు కాళ్ళు, గుప్పిట్లు బిగించిన చేతులు గుండెల మీదికి దూసుకొచ్చాయి. ఇద్దరూ కలిసి వెనక్కి ఎగిరి పరుపులకి తగిలి నేలకూలారు. కోడలికి పక్కటెముక కలుక్కుమనడం వినిపించింది. ఒళ్ళో పిల్ల ఊపిరి తీసుకుని ఆగిపోయిన అరుపుని పూర్తిచేసింది. పిల్ల పై పెదవి మీద పాలు ఇంకా తడిగా ఉన్నాయి.

అత్తగారు తడి మొహంతో పరిగెత్తుకొచ్చి పిల్ల ముందర మోకాళ్ళ మీద కూలబడింది. ముట్టుకోబోయి ఆగింది. పిల్ల ఆ ముడతలు పడ్డ మొహాన్ని చూసి వెనక్కి జరిగింది.

"అమ్మ కావాలి."

ముప్ఫై ఏడేళ్ళు చేతులు చాపుకుని ఎదురుచూసిన మనిషి అది విని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "వస్తుందమ్మా. అమ్మ వచ్చేదాకా నిన్ను నేను చూసుకుంటాను, సరేనా? నీకు నల్ల కుక్కపిల్ల బొమ్మ ఇష్టం కదూ?"

"నీకెలా తెలుసు?" అంది పిల్ల, ఎక్కిళ్ళ మధ్య.

సరిగ్గా అప్పుడు భర్త గుమ్మంలోకి వచ్చాడు. చప్పుడు విని వచ్చాడు, అంతకంటే తప్పేమీ చెయ్యలేదు. పిల్ల అతన్ని చూసి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. విరిగిన చెక్క అరలోకి పాక్కుంటూ దూరి, మూలకి ఒదిగి, గౌను తడుపుకుంది. "కొట్టొద్దు నాన్నా! తాగేస్తా నాన్నా! మొత్తం తాగేస్తా!"

అతను మొహానికి అరచేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళూ కుడి నుంచి ఎడమకి దువ్వుకున్న జుట్టు ఎందుకూ పనికిరాలేదు.

పది రోజులయ్యాక మేస్త్రీ కట్టు కట్టిన చేత్తో వచ్చి అడిగాడు. "రావాల్సింది వచ్చేసింది కదమ్మా. ఇంక మూసేద్దామా?"

"నాదొకటుంది," అన్నాడు భర్త. అప్పటికే అతను ఉద్యోగానికి సెలవు పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే కుర్చీ తెచ్చి కిటికీకి ఎదురుగా, సరిగ్గా దారికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. మొహం కిటికీ వైపు, వీపు ఇంటి వైపు. పళ్ళు తోముకోవడానికీ, స్నానానికీ లేచినప్పుడు వంటింటికి గొళ్ళెం పెట్టి వెళ్ళేవాడు. ఎవరూ వద్దనలేదు. కోడలికి వద్దనాలని ఉంది, ఒకసారి కుర్చీ దాకా వెళ్ళింది కూడా. అతని భుజం మీద చెయ్యి వేసి, కాఫీ అందించి వచ్చేసింది.

పిల్ల మొదట గుమ్మం దాకా వచ్చేది కాదు. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని ఆ వీపుని చూసేది. వీపుకి మొహం ఉండదు కాబట్టి భయం లేదు. "ఆయన ఎవరు?" అని అడిగితే "నీ తమ్ముడు" అంది పాప, ఉన్నమాట దాచడం రాక. మూడేళ్ళ పిల్లలకి ఇలాంటివి పెద్ద వింతలు కావు. తమ్ముడు వస్తాడని అమ్మ చెప్పనే చెప్పింది. ఓ రోజు బంతిని దొర్లిస్తే అది వెళ్ళి కుర్చీ కాళ్ళకి తగిలింది. అతను వెనక్కి తిరగకుండా మడమతో తిరిగి తోశాడు. అది ఓ ఆట అయింది. తర్వాత వారం పిల్ల కన్ను అతని జుట్టు మీద పడింది. పాపవి క్లిప్పులన్నీ డబ్బాలో వేసుకొచ్చి, కుర్చీ వెనకాల స్టూలెక్కి నిలబడి, ఒక్కొక్కటే పెట్టేది. అతను ఊపిరి కూడా గట్టిగా పీల్చేవాడు కాదు. తన మొహం కనబడకుండా మెడ తిన్నగా పెట్టుకుని, కిటికీ వైపే చూస్తూ గంటల తరబడి కూర్చునేవాడు. హాల్లోంచి చూస్తున్న తల్లికి కళ్ళు నిండిపోయేవి.

ఉలి ఆదివారం పొద్దున పదకొండింటికి వచ్చింది. కోడలు గుమ్మంలో నిలబడి ఉల్లిపాయలు తరిగేందుకు కత్తి వెతుకుతోంది, కళ్ళారా చూసింది. ఆ ఇంట్లో పుట్టి, నడక రాకముందే వంగడం నేర్చుకున్నవాడు అతను. ఎంత వేగంగా వచ్చేదైనా అతన్ని తాకిన రోజు లేదు. తలొంచితే చాలు, జుట్టు మీంచి పోతుంది. వెనకాల స్టూలు మీద పిల్ల నాలుగో క్లిప్పు పెడుతోంది. ఆమె మొహం అతని తల వెనకాలే, ఒక్క జానెడు దూరంలో ఉంది.

అతను వంగలేదు.

ఉలి మొన కనుబొమని చీల్చి, చెంప ఎముకకి తగిలి పక్కకి ఎగిరి గచ్చు మీద మోగింది. దెబ్బకి తల వెనక్కి పోబోతే మెడ బిగించి ఆపుకున్నాడు. అరవలేదు. రెండు చేతులూ కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి. రక్తం కంట్లోంచి, గడ్డం మీంచి చొక్కా మీదికి ధారకట్టింది. కోడలు గుడ్డ కోసం పరిగెత్తింది.

పిల్ల స్టూలు దిగింది. ఉలిని చూసింది. కుర్చీ చుట్టూ తిరిగి అతని ముందుకి వచ్చి నిలబడింది. అతను మొహం తిప్పుకోబోయాడు గానీ ఆలస్యమైపోయింది. పిల్ల ఆ మొహాన్ని తేరిపార చూసింది. అదే ముక్కు, అదే గడ్డం, అవే కళ్ళు. కానీ ఆ మొహం మీద రక్తం ఉంది. నాన్న మొహం మీద ఆమె ఎన్నడూ రక్తం చూడలేదు. రక్తం ఎప్పుడూ అమ్మకే వచ్చేది.

"నిన్ను కూడా కొట్టాడా?" అంది.

అవునంటే సరిపోయేది. ఆ ఇంట్లో ఎవరూ కాదనరు.

"లేదక్కా," అన్నాడతను. "ఇది నేను విసిరిందే."

పిల్ల గౌను అంచు ఎత్తి, కాలి మునివేళ్ళ మీద నిలబడి, అతని కన్ను తుడవడం మొదలుపెట్టింది.